ఇద్దరి చొక్కా

పెనుకొండ టైలరు పోయినాడని నాకు ధర్మవరం స్టేషన్లో పరిగి ఆయన ఒకడు చెప్పాడు. బండి ఆలస్యం. బండి ఆలస్యమైనప్పుడు మనవాళ్ళు ముందు వానల గురించి మాట్లాడతారు, తర్వాత ధరల గురించి, ఆ పైన ఎవరెవరు పోయారో చెప్పుకుంటారు. ఆ రోజు బండి బాగా ఆలస్యం.

"ఏ టైలరప్పా?" అన్నాను. పెనుకొండలో టైలర్లు ఇంకా ఉన్నారు.

"అదే, వెంట్రుకల్లేని కుక్కను సాకినాడు చూడు, ఆయప్ప."

ఒక ఊరి వీపులన్నీ తెలిసిన మనిషి. పెండ్లికొడుకుల కోట్లు, తాలూకాఫీసు బంట్రోతుల ఖాకీలు, పెద్దమనిషైన పిల్లల మొదటి రవికలు, అన్నీ ఆయన చేతి కింద నుంచి పోయినవే. ఆఖరుకు గుర్తుగా మిగిలింది కుక్క. దీని మీద నేను ఒక జోకు వేయాలి. అలవాటు కొద్దీ నోరు తెరిచాను కూడా. ఏమీ రాలేదు. ఈ మధ్య నాకు జోకులు కూడా ఆ బండి మాదిరే వస్తున్నాయి.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయనకే పేర్ల మీద లక్ష్యం ఉండేది కాదు. మనుషులను ఛాతీ కొలతతో గుర్తు పెట్టుకునేవాడు. "ఆ నలభై రెండు కనపడితే చొక్కా అయిపోయినాదని చెప్పు" అనేవాడు. ఊరి పెద్దమనిషి ఒకాయన జబ్బు చేసి, చిక్కి సగమై వస్తే "ఎవురప్పా నువ్వు?" అని అడిగాడని పెనుకొండలో ఒక కథ ఉంది. అది నిజం కాదని నేను గట్టిగా చెప్పగలను. పుట్టించింది నేనే. నన్ను మాత్రం కొలతతో కూడా పిలవలేదు. ఛాతీ అని చెప్పుకోవడానికి నాలో ఏమీ కనిపించలేదేమో. "మూటాయప్పా" అనేవాడు.

మూట సంగతి ఏమిటంటే, ధర్మవరంలో మా ఇంట్లో మగ్గం ఉంది. నేను నాలుగో తరగతిలో బడికి దండం పెట్టాను, మరి కొన్నాళ్ళకు మగ్గానికీ పెట్టాను. రెండు చోట్లా నోరు మూసుకుని కుదురుగా కూర్చోవాలి. నాకు చేతకాలేదు. ఈ నోరు ఇంట్లో ఉంటే దారాలు తెగుతాయని మా నాయన పట్టుచీరల మూట నెత్తికెత్తి రైలెక్కించాడు. ధర్మవరం నుంచి హిందూపురం దాకా నా రాజ్యం. నడుమ పెనుకొండలో దిగేవాడిని. చీర కొన్నవాళ్ళ రవికగుడ్డలు టైలరు దగ్గర పడేసి, ముందటిసారి ఇచ్చినవి తీసుకుని, తిరుగు బండి వేళ దాకా ఆయన వసారాలోనే కూర్చునేవాడిని.

వసారా, మిషను, బొగ్గుల ఇస్త్రీపెట్టె. అంతే అంగడి. భార్య ఎప్పుడో పోయింది. ఆ సంగతి కూడా నాకు ఊరివాళ్ళు చెప్పిందే. ఆయన నోటి నిండా ఎప్పుడూ గుండుసూదులు ఉండేవి. పెదాలు విప్పకుండా, పండ్ల సందు నుంచి మాట్లాడేవాడు. కొత్తవాళ్ళకు ఒక ముక్క అర్థమయ్యేది కాదు. పాతవాళ్ళకు అన్నీ అర్థమయ్యేవి. ఏదైనా సంగతి నిజంగా చెప్పాలనుకుంటే మాత్రం సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి దిండులో గుచ్చేవాడు. అట్లా తీయడం మొదలు పెడితే వసారాలో ఉన్నవాళ్ళందరూ మాటలు ఆపేవారు.

నా జోకులకు ఆయన నవ్వగా నేను చూడలేదు. రైల్లో టికెట్టు కలెక్టర్లు నవ్వారు. చీర బాగలేదని తిప్పి పంపిన అత్తగార్లు నవ్వారు. ఈయన మాత్రం నేను చెప్పిందంతా విని, మిషను ఆపి, "అయిందా?" అనేవాడు. "అయితే ఆ దారపుండ ఇట్టియ్యి." నేను దారపుండ ఇచ్చేవాడిని. ఇన్నేళ్ళలో ఆయనకు నేను అందించిన దారంతో ఎన్ని చొక్కాలు అయి ఉంటాయో.

కుక్క వచ్చింది యుద్ధం మొదలయ్యే ముందు. హిందూపురం మైదానంలో ఒక సర్కసు దిగింది. వానగాలికి డేరా నిలువునా చినిగింది. అంత మందం గుడ్డ ఎక్కిస్తే మిషన్లు చెడతాయని ఆ ఊరి టైలర్లు రామన్నారు. ఈయనను పిలిపిస్తే సంచిలో గోనెదబ్బనం వేసుకుని పోయి, చేత్తోనే కుడుతూ కూర్చున్నాడు. నేను హిందూపురంలో చీరలమ్ముకుని సాయంత్రాలు ఆయన పక్కన చేరేవాడిని. టికెట్టు లేకుండా సర్కసు చూసే దారి అదొకటే.

ఆ సర్కసు అప్పటికే విరిగిపోయే దశలో ఉంది. అందులో ఒక దొరసాని ఉండేది. తెల్లగా ఉండింది కాబట్టి దొరసాని అంటున్నాను, ఏ దేశమో మాకు తెలియదు. ఆమె కుక్కను నేను మొదట చూసినప్పుడు కుక్క అనడానికి నోరు రాలేదు. ఒంటి మీద వెంట్రుక లేదు. తడిపిన పలక రంగు తోలు, అక్కడక్కడ గులాబీ మచ్చలు. నడినెత్తిన ఒక కుచ్చు, తోక కొసన ఒక కుచ్చు. చెవులు గబ్బిలం రెక్కల్లా నిలబడి ఉండేవి. సముద్రాల అవతల ఎక్కడో ఆ జాతే అంతేనట, పుట్టడమే అట్లా పుడతాయట. ఈ దేశంలో అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చట.

"దీన్ని కుట్టినోనికి గుడ్డ చాలలేదన్నా" అన్నాను.

"అయిందా?" అన్నాడు టైలరు. నేను దారపుండ ఇచ్చాను.

దొరసాని ఓడెక్కి తన దేశం పోతుందట. ఓడలో కుక్కను రానీయరట. ఆమె అన్ని రోజులూ ఈయన కుట్టడం చూస్తూ ఉండేది. ఏం చూసిందో, డేరా పని అయిపోవచ్చిన రోజు ఆ కుక్కను తెచ్చి ఈయన ఒళ్ళో పెట్టింది. ఈయనకు ఒక చేతిలో దబ్బనం, ఒక చేతిలో డేరా అంచు. కుక్క ఒకసారి గుండ్రంగా తిరిగి, ఆ ఒళ్ళోనే పడుకుంది.

ఆమెకు వచ్చిన హిందూస్తానీ రెండు మూడు మాటలు. తేల్, తేల్ అని దాని వీపు నిమిరి చూపింది, అంటే నూనె రాయాలని. సూర్యుణ్ణి చూపి తల అడ్డంగా ఊపింది. తన శాలువ లాగి చుట్టుకుని వణికి చూపింది. దాని నోరు తెరిచి, పండ్లు సగం లేవని చూపింది. ఈయన సూదులు నోట్లోనే ఉంచుకుని, ఎవరో కాలరు ఎట్లా కావాలో చెబుతుంటే విన్నట్టు విన్నాడు. ఆమె వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది.

"ఏంటికి తీసుకుంటివన్నా?" అని రైల్లో అడిగాను.

"వద్దనేదానికి చెయ్యి ఖాళీ లేకపాయె."

పెనుకొండలో అందరూ గజ్జికుక్క అనుకున్నారు. జాలి గలవాడు ఒకడు, గొర్లు కాసేవాడు, ఈయన లేని సమయం చూసి కానుగనూనెలో గంధకం కలిపి దాని ఒళ్ళంతా పట్టించిపోయాడు. గొర్లకు అది మంచి మందే. దీనికి తోలు బొబ్బలెక్కింది. ఈయన వచ్చి, మజ్జిగతో కడిగి, అరటాకు పరిచి దాని మీద పడుకోబెట్టి, విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు. ఆ గొర్ల ఆయన తర్వాత మొహం చిన్నబుచ్చుకుని వస్తే తిట్టలేదు. "గజ్జి కాదప్పా. దాని తోలే అంత" అన్నాడు. ఆ తర్వాత ఎవరు ఏమడిగినా ఆ ఒక్క మాటే. జ్వరమా? దాని తోలే అంత. ముసలిదా? దాని తోలే అంత.

ఆ తోలుకు ఆయన చేసిన సేవ మా అవ్వకు మేమెవరమూ చేయలేదు. సబ్బు పెడితే పొట్టు లేచిందని పెసరపిండితో నలుగు పెట్టేవాడు. వేరుశనగ నూనె రాస్తే చీమలు పట్టాయి, మొటిమలు లేచాయి. ఆముదం జిడ్డు. చివరికి కొబ్బరినూనె, అదీ అరచేతుల్లో రుద్దుకుని చేతులు ఆరిపోయినట్టు అయ్యాక, పైపైన. చర్మం రంధ్రాల్లో నల్లగా మట్టి పేరుకుంటే గరుకు టవలుతో సున్నితంగా రుద్ది తీసేవాడు. మిట్టమధ్యాహ్నం మిషను కిందే పడక. అయినా ఎండాకాలం వచ్చేసరికి నల్లబడేది, చలికాలానికి మళ్ళీ తెల్లబడేది. "అన్నా, ఇది సంవత్సరానికి రెండుసార్లు కులం మారుస్తాండాది" అన్నాను ఒకసారి. ఆయన దారపుండ కూడా అడగలేదు.

పండ్లు లేనందుకు రాగిసంగటి మజ్జిగలో పిసికి పెట్టేవాడు. ముండ్లకంప దగ్గరికి పోనిచ్చేవాడు కాదు, గీసుకుంటే ఆపడానికి పైన వెంట్రుక అడ్డం లేదు కదా. ఒక్కటే సుఖం, ఊళ్ళో కుక్కలన్నీ పిడుదులు పట్టి గోక్కుంటూ ఉంటే దీని మీద ఒక్కటి నిలిచేది కాదు. దాక్కోవడానికి చోటు ఎక్కడ?

చలే దానికి యముడు. పెనుకొండలో కార్తీకం దాటితే కొండ మీది నుంచి దిగే గాలి ఎట్లా ఉంటుందో అక్కడ ఒక పొద్దున రైలు దిగినవాళ్ళకు తెలుస్తుంది. ఇస్త్రీపెట్టె పక్కన చేరి, బొగ్గుల వేడికి మూతి పెట్టుకుని వణికేది. ఆయన కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలు అతికి దానికి కోటు కుట్టాడు. నాలుగు కాళ్ళకు నాలుగు చేతులు, మెడకు కాలరు, పొట్ట కింద బొత్తాలు. కత్తిరింపుల్లో మిగిలిన ముక్క టైలరుదే, అది అడిగేదీ ఇచ్చేదీ కాదు, ఎక్కడైనా అంతే. నేనూ ధర్మవరం నుంచి మగ్గాల కింద పడిన పట్టు ముక్కలు తెచ్చి ఇచ్చేవాడిని. ఆ జరీ కోటులో అది బజారు దాటుతుంటే పెండ్లివారు కూడా దారి ఇచ్చేవారు.

ఊరు దాన్ని బోడిది అనేది. ఆయన ఎవరినీ అననిచ్చేవాడు కాదు. "ఆ మాట అనద్దు. ఎదురుగా అక్క ఉండాది" అని గొంతు తగ్గించి చెప్పేవాడు. నున్నీ అని పిలిచేవాడు.

అక్క అంటే దారికి అవతల అరుగు మీద బొరుగులమ్మే ఆమె. మొగుడు పోయాక తల గొరిగించుకుని, ముసుగు వేసుకుని, మనవరాలితో ఉండేది. కూతురూ అల్లుడూ అగళి పక్కన కూలిపనికి పోయి అక్కడే ఉండిపోయారు. ఆమె నోరు నా నోటికి సమానం. నాకు పోటీ అంటే ఆమె ఒక్కతే.

"ఏమప్పా మూటాయప్పా, ఈసారైనా ఒక చీర అమ్మితివా, లేకుంటే రైలుకే చూపించుకోనొస్తాండావా?"

"నీకొకటి తెచ్చినాలే అక్కా, ఎర్రది."

"నా మొగుడు లేచొస్తాడు, తీసుకోనిపో."

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఒకరోజు కుక్క దారి దాటి పోయి ఆమె కాళ్ళ మీద పడుకుంది. దాని ఒంటికి వెంట్రుక అడ్డం లేనందుకు వేడి నేరుగా తగులుతుంది, కాపడం గుడ్డ మాదిరి. "అబ్బా, దీని కడుపు సల్లగుండ" అంది ఆమె. ఆ పొద్దు నుంచి అది వాడుక అయింది. ఈయన మిషను తుడుచుకునే వేళకు కుక్క లేచి, దారికి రెండు పక్కలా చూసి, దాటి పోయి ఆమె మోకాళ్ళ మీద పడుకునేది. బొరుగులు రెండు పెడితే నాలుకతోనే మెత్తగా చేసి తినేది. పొద్దెక్కాక తిరిగొచ్చేది. ఈ ఏర్పాటు గురించి వాళ్ళిద్దరూ ఒక మాటైనా మాట్లాడుకోగా నేను వినలేదు.

అప్పుడు గుడ్డ కంట్రోలు వచ్చింది.

ఆ సంవత్సరాలు గుర్తు చేసుకోవాలంటేనే నాకు ఆయాసం వస్తుంది. యుద్ధం ఎక్కడో, ఒంటి మీద గుడ్డ లేనిది ఇక్కడ. పట్టు సంగతి సరే, నూలే లేక మా మగ్గాలు ఆగిపోయాయి. కార్డు ఉంటే గుడ్డ, అదీ వచ్చినప్పుడు. కనగానపల్లి దారిలో ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళకు ఒకే మంచి చీర, ఒకరు సంతకు పోతే ఇంకొకరు తలుపు వేసుకుని ఇంట్లో ఉండేవారు. నేను ఆ ఇంటికే చీరల మూటతో పోయాను. నాకు అక్కడ జోకులు ఏం వస్తాయి?

పెనుకొండకు ఒకసారి బేళ్ళు వచ్చాయి. తెలుపు మీద నీలం గీతల గుడ్డ. అన్నీ అదే. ఒక నెల తిరిగేసరికి ఊరంతా నీలం గీతలే. తండ్రి చొక్కా అదే, కొడుకు నిక్కరు అదే, రవికలు అవే, దిండు గలీబులు అవే. ఒకే జైలు నుంచి ఊరంతా విడుదలై వచ్చినట్టుండేది. కార్డు మీద తనకు వచ్చిన గుడ్డ టైలరు కూడా వరసలో నిలబడి తీసుకున్నాడు. ఆయన వెనకే నేనూ నిలబడి ఉన్నాను. "ఈసారికి నాకు చొక్కా వద్దులే" అని గొణుక్కున్నాడు, సూదులు నోట్లోనే ఉన్నాయి. కుక్క పాత జరీ కోటు అప్పటికి చీకిపోయింది.

తర్వాతి నెల నేను దిగేసరికి వసారా ముందు జనం. కుక్క మిషను పక్కన నిలబడి ఉంది. ఒంటి మీద కొత్త కోటు. తెలుపు మీద నీలం గీతలు.

"ఆ గీతలు నా మనవరాలి లంగావి" అంటోంది బొరుగులామె. దారి దాటి వచ్చి వసారా మెట్టు మీద నిలబడింది. మోకాళ్ళు పట్టుకుని అంత దూరం రావడం ఆమెకు చిన్న పని కాదు.

"కాదులేమ్మా, అది నా చొక్కాలో ముక్క" అన్నాడు జట్కా తోలే ఆయన. "చేతులు పొట్టిగా ఉండాయేమప్పా అంటే గుడ్డ అంతే వచ్చిందంటివే. ఈడ పోయినాదా మిగతాది?"

"నా పిల్లోని నిక్కరుకు జేబు లేదు" అన్నాడు ఇంకొకడు. "జేబు దీని వీపు మీద ఉండాది."

ఎవరి గుడ్డ వాళ్ళకు కనిపిస్తోంది. అందరిదీ ఒకే బేలు, కాబట్టి అందరిదీ నిజమే. నేను మూట దించి, "అందరిదీ అంటే ఎట్లప్పా? నాలుగు కాళ్ళుండాయి, తలా ఒక చెయ్యి విప్పుకోనిపోండి" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. నా ఒంటి మీద కూడా అదే గుడ్డ.

టైలరు సూదులు తీయడం మొదలు పెట్టాడు. ఒకటి, ఇంకొకటి, దిండులో గుచ్చుతూ. అందరూ ఆగారు.

"ఎవురి బట్టలు వాళ్ళు తెచ్చుకోండి" అన్నాడు. "కుట్లు విప్పి కొలిచిస్తా. తక్కువొస్తే నాది తప్పు."

బట్టలు తేవడానికి ఎవరూ కదలలేదు. విప్పితే మళ్ళీ కుట్టించుకోవాలి, అంతసేపు ఒంటి మీద ఏముంటుంది? టైలరు మీద దొంగతనం పడింది, అది అట్లాగే గాల్లో నిలబడి ఉంది. ఆ వృత్తిలో అంతకంటే పెద్ద మాట లేదు. ఆయన గుడ్డ తానే వరసలో నిలబడి తెచ్చుకున్నాడని చెప్పడానికి నేను నోరు తెరిచాను.

"మూటాయప్పా" అన్నాడు ఆయన, నా వైపు చూడకుండానే. "అయిందా?"

నేను ఇంకా మొదలే పెట్టలేదు. అయినా మూసుకున్నాను.

బొరుగులామె మాత్రం ఆగలేదు. కానీ గొంతు దిగింది. "దొంగలిస్తివో లేదో నాకేంటికబ్బా. లంగాకు పోతే రవికకు గుడ్డ మిగల్లే. పిల్ల రవిక లేక ఇంట్లోంచి బయటికి రాదు. నా పాత కోక చుట్టుకోని కూచోనుండాది. కుక్కకు కోటేంది, మనిషికి లేకుండా?"

ఆ మాటకు జవాబు నేను ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.

ఆయన కుక్కను ఎత్తి మిషను మీద నిలబెట్టాడు. పొట్ట కింద బొత్తాలు విప్పాడు. కోటు తీసి, బ్లేడుతో కుట్లు కోసి, ముక్కలను ఇస్త్రీపెట్టెతో ఒత్తాడు. ఆమె మనవరాలిని కొలవలేదు, రోజూ ఎదురుగా చూసే పిల్లే. కుక్క వీపు రవిక వీపు అయింది. ముందరి కాళ్ళ ముక్కలు అతికితే పొట్టి చేతులు అయ్యాయి. జనం అట్లా నిలబడే చూశారు. అయ్యాక దారం కొరికి, మిగిలిన పీలికలు కూడా అందులోనే మడిచి ఆమె చేతికిచ్చాడు. ఆమె తీసుకుంది. తీసుకోకుండా ఉండగలిగే స్థితి కాదు. దారి దాటింది. జనం కూడా ఒకరి చొక్కా ఒకరు చూసుకుంటూ పోయారు.

ఆ రోజు నుంచి ఆయన ఎవరి గుడ్డైనా వాళ్ళ ఎదుటే కత్తిరించేవాడు. వేలెడు పీలిక మిగిలినా దారంతో ముడేసి చొక్కాతో పాటే ఇచ్చేవాడు. "ఇదేంటికన్నా, పొయ్యిలోకి కూడా రాదు" అని వాళ్ళు అన్నా వినలేదు. బొరుగులామెకూ ఆయనకూ మాటలు లేవు. ఇద్దరి మధ్య దారి జట్కా పట్టేంత. ఎదురెదురుగా రోజంతా కూర్చోవాలి. మాట్లాడకుండా ఉండడానికి ఎంత ఓపిక కావాలో నా లాంటివాడికి తెలుస్తుంది.

చలి వచ్చింది. మళ్ళీ బేళ్ళు వచ్చాయి, ఈసారి బూడిదరంగు. నేను దిగి వసారాలోకి పోయేసరికి టైలరుకు పొట్ట పెరిగి ఉంది. బూడిదరంగు చొక్కా, ముగ్గురు పట్టేంత వదులు. మిషను తొక్కుతున్నాడు. పొట్ట కదిలింది. మెడ దగ్గర, రెండో బొత్తం సందులోంచి, గబ్బిలం చెవులు రెండు బయటికి వచ్చాయి.

నేను మూట మీద కూలబడ్డాను.

"ఎన్నో నెలన్నా?"

"నా కార్డు గుడ్డ" అన్నాడు. "నా చొక్కా. నా కొలత. లావైనా."

మనిషికి ఒక చొక్కా. ఎవరూ వేలెత్తి చూపలేరు. దానికి లోపల చలి లేదు, ఆయనకూ లేదనుకుంటాను. కొబ్బరినూనె దొరకడం మానేసింది కాబట్టి ఎవరైనా ఇంటి వెన్న ఇస్తే చిటికెడు రాసేవాడు. ఒక్కోసారి ఆయన చొక్కా వెన్న వాసన కొట్టేది. కుక్క ముసలిదైపోయింది. నెత్తి మీది కుచ్చు కూడా రాలిపోయింది. ఊరివాళ్ళు నవ్వుకున్నారు, కానీ ఈసారి ఆ నవ్వు నా నవ్వు లాంటిదే. పస లేదు.

ఈ మాటల్లేని తగవు సంగతి కుక్కకు తెలియదు. పొద్దున మిషను తుడిచే వేళకు అది చొక్కాలో కదిలేది. ఆయన బొత్తాలు విప్పి దించేవాడు. ఆగు అనలేదు, పో అనలేదు. ఒంటి మీద నూలుపోగు లేకుండా, వణుకుతూ, దారికి రెండు పక్కలా చూసుకుని, దాటి పోయి బొరుగులామె ముందు నిలబడేది. మొదట ఆమె చీపురు ఎత్తింది. అది వెనక్కి రాలేదు, అక్కడే నిలబడింది. మర్నాడు కూడా అంతేనట. ఆ తర్వాత నేను దిగిన పొద్దున చూశాను, అది ఆమె మోకాళ్ళ మీద ఉంది, ఆమె పైట దాని మీద ఉంది, ఆమె మొహం పక్కకు తిప్పుకుని బొరుగులు కొలుస్తోంది. ఇటు ఈయన మిషను తొక్కుతూనే ఉన్నాడు, కానీ చక్రానికి పట్టా తగిలించలేదు. ఉత్త చక్రం తిరుగుతోంది.

నేను మూట దించి, దారపుండ తీసి ఆయన పక్కన పెట్టాను. అన్నీ అనడానికే అని అనుకున్న కాలం ఒకటి ఉండేది నాకు.

ఇంకొక చలికాలం అది అట్లాగే దారి దాటింది. నడక నిదానమైంది. జట్కాలు దాని కోసం ఆగేవి. దాటేటప్పుడు ఆమె కళ్ళు దాని మీదే ఉండేవి, ఈయన కళ్ళూ దాని మీదే. ఆ అవతలి ఒడ్డు చేరాక ఇద్దరూ చూపు తిప్పుకునేవారు. మనవరాలు ఆ గీతల రవికతోనే బడికి పోయేది. చంకల దగ్గర ఒకసారి వదులు చేయించుకోవడానికి ఈయన దగ్గరికే వచ్చింది. ఆయన సూదులు నోట్లోంచి తీయకుండానే చేసి పంపాడు.

ఆ పొద్దున నేను తొందరగా దిగాను. మంచు ఇంకా విడవలేదు. కుక్క దారి దాటి పోయి అప్పటికే చాలాసేపు అయినట్టుంది. ఆయన ఎవరిదో చొక్కా కాలరుకు సూదులు గుచ్చుతున్నాడు. నేను మూట దించుతున్నాను.

"ఏమబ్బా" అని అవతలి నుంచి వినిపించింది.

ఆ గొంతు ఆ దిక్కు నుంచి ఈ దిక్కుకు రాక ఎంత కాలమైందో. ఆయన చెయ్యి ఆగింది.

"ఏమబ్బా, ఇట్లొచ్చి చూడు. సల్లగా ఉండాది" అంది. "నా మోకాళ్ళే సల్లబడినాయనుకోని కూచోనుంటి ఇంతసేపూ. నావి కాదు."

ఆయన లేచాడు. ఆ పెద్ద చొక్కా ఒంటికి ఊగుతూ ఉంటే, దారికి అటూ ఇటూ చూడకుండా దాటాడు. నేను వెనకే పోయాను. అరుగు ముందు వంగి, పైట కొంచెం జరిపి, దాని పొట్ట మీద చెయ్యి పెట్టాడు. అట్లాగే ఉంచాడు. ఇస్త్రీపెట్టె కాలిందో లేదో చూసేటప్పుడు కూడా ఆ చెయ్యి అంతే నిదానంగా ఉండేది.

ఆమె లేవబోయింది. దాన్ని ఆయన చేతికి ఇద్దామని కాబోలు, రెండు చేతులూ కిందికి పెట్టింది.

"లేవద్దులేక్కా" అన్నాడు. నోటి నిండా సూదులు ఉన్నాయి. కొత్తవాడెవడైనా అక్కడ ఉంటే ఒక ముక్క అర్థమై ఉండేది కాదు. "మోకాళ్ళు పట్టేస్తాయి. కూచో."

ఆమె కూర్చుంది. ఆయన కూడా ఆమె పక్కనే అరుగు మీద కూర్చున్నాడు.